పై వీధి మందు

ఆ ఏడు కార్తీకం ముగిసేసరికి చింతమాకులపల్లెలో గజ్జి లేని ఇల్లు లేకుండా పోయింది. మొదట ఊరి బయట పాలెంలో ఇద్దరు పిల్లల వేళ్ల సందుల్లో కనిపించింది. పది రోజుల్లో నడి వీధికి వచ్చింది. మరో పది రోజులకు పై వీధి గడపలు కూడా దాటింది. చలి మొదలైన రోజులు. ఇంటిల్లిపాదీ ఒకే కంబళి కింద ముడుచుకుని పడుకుంటారు. దానికి తోడు వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేసి బావులు అడుగంటాయి. తాగే నీళ్లకే కటకటగా ఉంటే ఒళ్లు కడుక్కునే మాట ఎవరెత్తుతారు? గానుగ నూనె పూశారు, వేపాకు, పసుపు నూరి పట్టించారు. పురుగు చర్మం కింద హాయిగా కాపురం చేసింది.

గురవమ్మ ఆ ఊరి సబ్‌సెంటర్‌లో నర్సు. పలమనేరు దిక్కు నుంచి వచ్చి ఎనిమిదేళ్లయింది. ఊళ్లో ఎనిమిదేళ్ల లోపు పిల్లల్లో సగం మంది పుట్టగానే పడింది ఆమె చేతుల్లోనే. ఆ చెయ్యి ఎంత మెత్తనో నోరు అంత కరుకు. కోపం వస్తే అనాల్సింది, అనకూడనిది అని చూసేది కాదు. అనేసి, అరగంటలో మరిచిపోయి, మళ్లీ అదే ఇంటికి వెళ్లి బిడ్డను ఎత్తుకునేది.

గజ్జి సంగతి ఆమే పైకి రాసింది. దానికి బదులుగా తిరుపతి నుంచి జీపులో సుబ్రమణ్యం అనే కుర్ర డాక్టరు దిగాడు. చర్మవ్యాధుల మీద ఏదో పెద్ద చదువు చదువుతున్నాడు. వస్తూ మూడు రకాల మందులు తెచ్చాడు.

బడి వసారాలో జనాన్ని కూర్చోబెట్టి ఆయన చెప్పాడు. ఒకటి గంధకం కలిపిన లేపనం. పాత మందు, గబ్బు వాసన, బట్టలకు మరకలు పడతాయి, వరసగా మూడు దినాలు పూయాలి. రెండోది తెల్లటి నీళ్ల మందు. కాస్త మండుతుంది, రెండుసార్లు పూస్తే చాలు. మూడోది కొత్త లోషను. ఒక్కసారి పూసి, మర్నాడు కడిగేస్తే అయిపోతుంది.

"ఏది మేలో మాకూ నిజంగా తెలీదు," అన్నాడాయన. "తెలియాలంటే పక్కపక్కన పెట్టి చూడాల. ఒక వీధికి ఒక మందు. ఎనిమిదో నాడు, పదిహేనో నాడు వచ్చి ఒళ్లు చూసి రాసుకుంటాను. ఏడాది లోపు పిల్లలకూ, కడుపుతో ఉన్నవాళ్లకూ మటుకు ఏ వీధైనా గంధకమే. కొత్త లోషను వాళ్ల దగ్గరికి రాకూడదు."

మూడు చీటీలు మడిచి చెంబులో వేశారు. నడి వీధిలో టీ అంగడి పెట్టుకున్న మునిరామయ్య చెయ్యి పెట్టి తీశాడు. నడి వీధికి తెల్ల మందు వచ్చింది. పాలేనికి కొత్త లోషను వచ్చింది. పై వీధికి గంధకం మిగిలింది.

పై వీధి ఆడవాళ్ల మధ్య కూర్చున్న రాఘవమ్మ లేచి, కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. ఆ వీధికి పెద్దదిక్కు ఆమె. ఊరు మొత్తం మీద ఇంకా నీళ్లు తేలుతున్న బావి ఆమె పెరట్లోదే. ఆ వెళ్లిపోవడం చూసి డాక్టరు ఏమీ అనుకోలేదు. గురవమ్మ అనుకుంది.

ఎనిమిదో నాటికి పాలెంలో గజ్జి ముప్పాతిక వంతు మాయమైంది. కొత్త లోషను పూసిన పిల్లలు నెల రోజుల తర్వాత మొదటిసారి నిద్రపోయినట్టు పడుకుంటున్నారని తల్లులు చెప్పుకున్నారు. నడి వీధిలోనూ బాగానే తగ్గింది. పై వీధిలో మాత్రం ఇంటింటా గంధకం కంపు, పసుపుపచ్చని మరకలు, ఇంకా తగ్గని నవ. సగం మంది మూడు దినాలు పూయనేలేదు. ఒక దినం పూసి, వాసనకు తాళలేక మానేశారు.

మర్నాడు పొద్దున రాఘవమ్మ కబురు పెట్టింది. గురవమ్మ వెళ్లేసరికి ఆమె వసారాలో మనవణ్ణి ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఆమె కొడుకు ఏకాంబరం బిడ్డ, ఎనిమిది నెలల వాడు. అరచేతుల్లో, అరికాళ్లలో బొబ్బలు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఏకాంబరం గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మదనపల్లెలో బి.ఎ. దాకా చదివి, తండ్రి పోయాక సేద్యం చూసుకుంటున్నవాడు.

"సూడు గురవమ్మా," అంది రాఘవమ్మ. "పాలెంలో పిలకాయలు గంతులేస్తా ఉండారు. నా మనవడు ఈడ కంటి మీద కునుకు లేకుండా సస్తా ఉండాడు. ఆ కొత్త మందు ఒగ సీసా తెచ్చియ్యి."

"ఇయ్యకూడదు రాఘవమ్మా. అంత పసిబిడ్డకు అసలే కూడదు. డాక్టరు ఆ పొద్దే చెప్పినాడు కదా. గంధకం మూడు దినాలు విడవకుండా పూయండి, కంబళ్లు ఉడకబెట్టి ఎండలో ఏయండి. మానకపోతే నన్నడుగు."

"పాలెమోళ్లకు కొత్త మందు, మాకు గబ్బు మందా? ఇదెక్కడి న్యాయం?"

"చీటీలో వచ్చింది."

"చీటీ! చీటీ తీసినోడు మునిరామయ్య, పూసుకునేది మేమూ."

బిడ్డ మళ్లీ ఏడుపు లంకించుకున్నాడు. గురవమ్మ ఆ పొద్దున అప్పటికే ఐదిళ్లలో ఇదే వాదన విని వచ్చింది. తల వేడెక్కి ఉంది. నోటికి వచ్చింది అనేసింది.

"అదేమన్నా అమృతం అనుకుంటా ఉండావా రాఘవమ్మా? మీరు చెనక్కాయ చేలో పురుగుకు చల్లే బి.హెచ్.సి. పొడే అది. ఆ విషమే. నూటికి ఒగ పాలు కలిపి సీసాలో పోసినారు. అది పూస్తావా నీ మనవడికి?"

భయపెడదామనే అంది. రాఘవమ్మ మనవణ్ణి గుండెకు అదుముకుంది. సరే, అర్థమైందనుకుని గురవమ్మ లేచి వచ్చేసింది. గోడకు ఆనుకున్న ఏకాంబరం తల ఎత్తి తన వైపు చూసిన చూపును ఆమె అప్పుడు లెక్కపెట్టలేదు.

తర్వాతి బుధవారం, పదిహేనో నాడు, డాక్టరు పై వీధి అంతా తిరిగి ఒళ్లు చూశాడు. చూస్తూ చూస్తూ ఆయన ముఖం వెలిగిపోయింది. వేళ్ల సందులు, మణికట్లు, చంకలు, బొడ్డు చుట్టూ అంతా ఎండిపోయింది. కొత్త బొబ్బ ఒక్కటీ లేదు.

"గురవమ్మా, చూసినావా?" అన్నాడు అరుగు మీద కూర్చుని రాసుకుంటూ. "మనం చిన్నచూపు చూసినాం గానీ గంధకం కొత్త మందును మించిపోయింది! మొదటి వారం వెనకబడి రెండో వారంలో ఇట్లా పుంజుకోవడం నేను యాడా చదవలేదు."

ఆమె తల ఊపింది గానీ సంతోషపడలేకపోయింది. ఎనిమిదేళ్లుగా గంధకం పూయించిన మనిషి. గంధకం అట్లా పని చేయదని ఆమె చేతులకు తెలుసు. ఇంకొకటి కూడా ఉంది. పై వీధిలో గంధకం వాసన లేదు. దాని బదులు ఇంకేదో వాసన, ముక్కిపోయిన ధాన్యపు కొట్టు తలుపు తీసినట్టు, గొంతులో పట్టుకునేది. ఎక్కడో ఆ వాసన ఎరుగుదును అనుకుంది గానీ పట్టుబడలేదు. జీపు వెళ్లిపోయాక వీధి మొదట్లో నిలబడి అటూ ఇటూ చూసింది. మధ్యాహ్నపు ఎండ. పేడకుప్ప మీద గానీ, నులక మంచాల మీద గానీ, నిద్రపోతున్న పిల్లల మూతుల మీద గానీ ఒక్క ఈగ లేదు.

మునెమ్మ ఇంటి ముందు చచ్చిన పిల్లి పడి ఉంది. మూతి మీద నురగ ఎండి ఉంది.

"ఏమైంది మునెమ్మా దీనికి?"

"ఏమో నర్సమ్మా, నిన్నటేళ గిరగిరా తిరిగి పడిపోయింది. రాఘవమ్మ వాళ్ల పిల్లే. బిడ్డ పాదాలు నాకతా ఉంటే తోలినారంట."

గురవమ్మ ఇంటికి వచ్చి అన్నం పెట్టుకుంది. ముద్ద నోట పెట్టుకోబోయి ఆగిపోయింది. ఆ వాసన గుర్తొచ్చింది. ఆగస్టులో చెనక్కాయ చేలకు పురుగు పడినప్పుడు ఊరంతా కమ్మిన వాసన అది.

పళ్లెం అట్లాగే వదిలేసి పరుగులాంటి నడకతో మళ్లీ పై వీధికి వెళ్లింది. దారిలో మొదట పడేది మునెమ్మ ఇల్లే. మునెమ్మ భర్త ఏకాంబరం చేనే కోరుకు, పంటలో వాటాకు, చేస్తాడు. ఆమెకు ముందు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. మూడోదైనా దక్కాలని, పుట్టగానే చేటలో వేసి పెంటకుప్ప మీద పెట్టి, రాఘవమ్మ చేత ఎత్తించి, గుప్పెడు నూకలిచ్చి మళ్లీ తెచ్చుకుంది. అందుకే ఆ పిల్లకు కుప్పమ్మ అని పేరు. ఐదేళ్లు నిండాయి. రాఘవమ్మను అవ్వా అంటుంది.

గూట్లో గంధకం డబ్బా ఉంది. గురవమ్మ మూత తీసింది. డాక్టరు ఇచ్చినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే, వేలు పెట్టిన జాడ కూడా లేకుండా నిండుగా ఉంది.

"మునెమ్మా, ఇది పూయలేదా?"

మునెమ్మ తల వంచుకుంది. "కోప్పడవద్దు నర్సమ్మా. పై వీధి మందు పూస్తా ఉండాం. రాఘవమ్మ వీధికంతా పంచింది. రెండు దినాల్లో నవ పోయింది. డాక్టరుకు చెప్పొద్దని అన్నారు."

"యాడుండాది ఆ మందు?"

మూకుట్లో చూపించింది. చెనక్కాయ నూనెలో కలిపిన బూడిద రంగు పొడి, గట్టిగా, పేడలా ఉంది.

"రోజుకు ఎన్నిసార్లు?"

"పొద్దున, మాపు."

"కడుగుతా ఉండావా?"

"నీళ్లు యాడుండాయి నర్సమ్మా?"

కుప్పమ్మ గడపలో కూర్చుని గచ్చకాయలు ఆడుతోంది. డాక్టరు వస్తాడని తుడిచి, ఆయన పోయాక మళ్లీ పూసిన బూడిద నూనె ఒళ్లంతా మెరుస్తోంది. కాయ ఎగరేసి పట్టుకోబోయింది. చెయ్యి వణికి కాయ జారిపోయింది. మళ్లీ ఎగరేసింది, మళ్లీ జారింది. పిల్ల నవ్వి, "సెయ్యి మాట వినలే నర్సమ్మా," అంది.

గురవమ్మ మూకుడు పక్కకు తోసింది. "కడుగు. ఇప్పుడే కడుగు. సబ్బేసి తల నుంచి కాలిదాకా కడుగు. నూనె మటుకు తగలనీయొద్దు..." అంటూ కొంగు నడుముకు దోపి తానే పిల్లను దగ్గరికి లాక్కుంది. కుండలో రెండు చెంబుల నీళ్లున్నాయి. మొదటి చెంబు భుజాల మీద పోసిందో లేదో రాఘవమ్మ ఇంటి వైపు నుంచి కేక వినిపించింది. ఆడమనిషి కేక కాదు. ఏకాంబరం గొంతు.

"నర్సమ్మా! బిడ్డ! బిడ్డ!"

గురవమ్మ ఒక్క క్షణం ఇద్దరి మధ్యా నిలబడింది. కుప్పమ్మ ఆమె ముఖం లోకి చూస్తోంది, నీళ్లు కారుతూ. ఈ పిల్లకు చెయ్యి వణుకుతోంది, అంతే. అక్కడ ఏమైందో?

"మునెమ్మా, నీళ్లు తెచ్చి కడగతానే ఉండు. ఆపొద్దు. నేనొస్తా," అని పరుగెత్తింది.

పసివాడు వెనక్కి విల్లులా వంగిపోయి ఉన్నాడు. కళ్లు తేలేశాడు. పెదవులు నీలం తిరిగాయి. రాఘవమ్మ తాళపుచెవుల గుత్తి వాడి చేతిలో పెట్టి నొక్కుతోంది. గురవమ్మ వాణ్ణి లాక్కుని పెరట్లో బావి గట్టు మీదికి తీసుకుపోయింది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, సబ్బు రుద్దుతూ బిందె తర్వాత బిందె పోయించింది. మూర్ఛ విడిచినట్టే విడిచి మళ్లీ పట్టుకుంది.

"మోటారు సైకిలు తియ్యప్పా! చిత్తూరుకు!"

ఇరవై కిలోమీటర్లు. వెనక కూర్చుని తడి బిడ్డను గుండెకు అదుముకుని, దారి పొడుగునా వాడి ఊపిరి చెవితో వెతుక్కుంటూ పోయింది. రెండు చోట్ల ఊపిరి దొరకలేదు. వీపు మీద చరిచి తెప్పించింది. ఏకాంబరం వెనక్కి తిరగకుండా గాలిలోకి అరుస్తున్నాడు.

"నూటికి ఒగ పాలే అంటివి కదా! బస్తా మీద నూటికి పది అని ఉండాది. పదింతలు నూనె పోసినాను. లెక్క కరెక్టే నర్సమ్మా! లెక్క తప్పలేదు!"

లెక్క తప్పలేదు. సీసా మందు ఒక్కసారి పూసి కడిగేది. వీళ్లు వారం రోజులు రెండు పూటలా పూసి కడగలేదు. పంచేటప్పుడు రాఘవమ్మ, చిక్కగా ఉంటే బాగా పని చేస్తుందని ఇంటింటికీ ఇంకో పిడికెడు కలిపింది. ఇది తర్వాత తెలిసింది.

చిత్తూరు ఆసుపత్రిలో సూది పొడిచాక బిడ్డకు మూర్ఛ ఆగింది. తెల్లవారి కళ్లు తెరిచి పాలు తాగాడు. ప్రాణానికి భయం లేదని అక్కడి డాక్టరు చెప్పాకే గురవమ్మ బల్ల మీద కూర్చుంది. పై వీధిలో ఇంకా పదకొండిళ్లు ఉన్నాయని, జీపు పంపమని బతిమిలాడింది. సాయంత్రానికి చూద్దామన్నారు. ఆగలేక బస్సెక్కింది.

ఊరి మొదట్లో బస్సు దిగేసరికి మునిరామయ్య అంగడి మూసి ఉంది. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు గానీ ఎదురు రాలేదు.

"బిడ్డ బతికినాడు మునిరామయ్యా," అంది ఆమె.

ఆయన తల ఊపాడు. అరుగు దిగి, "మునెమ్మ కూతురు పోయింది నర్సమ్మా," అన్నాడు.

గురవమ్మ అక్కడే, రోడ్డు మీదే కూర్చుండిపోయింది.

ఇంట్లో ఉన్న రెండో చెంబు కూడా పోసేశాక మునెమ్మ బిందె తీసుకుని ఊరి బావికి పోయింది. రాఘవమ్మ పెరట్లో నీళ్లున్నాయి గానీ ఆ ఇంట్లో పుట్టెడు గగ్గోలు. అటు పోవడానికి ధైర్యం చాల్లేదు. ఊరి బావి దగ్గర వంతు. వంతు వచ్చాక ఊట ఊరేదాకా ఆగడం. బిందె చంకన పెట్టుకుని తిరిగి వచ్చేసరికి పిల్ల గడపలో పడి కొట్టుకుంటోంది. బండి కట్టి పోయారు. రెండు మైళ్లు దాటకముందే అయిపోయింది.

గురవమ్మకు ఏడుపు రాలేదు. లేచి పై వీధికి నడిచింది. మొదటి ఇంట్లో వాళ్లు తలుపు తీయలేదు. రెండో ఇంటామె, "మా పిలకాయలు బాగుండారు. నీ మందు ఓడిపోయిందని నీకు కడుపుమంట. కుప్పమ్మకు గాలి సోకింది," అంది. మూడో ఇంట్లో ఒక పిల్లవాడు మంచం మీద కూర్చుని కాళ్లు తనంతట తానే ఎగిరెగిరి పడుతుంటే వింతగా చూసుకుంటున్నాడు. తల్లి వాణ్ణి చూపించి నవ్వబోయి, గురవమ్మ ముఖం చూసి ఆగిపోయింది.

అప్పుడు రాఘవమ్మ వీధిలోకి వచ్చింది. తల చెదిరి, నిన్నటి చీరతోనే ఉంది.

"గమ్మునుండండి అందరూ," అంది. "నా చేత్తో పంచినాను. నా చేత్తోనే కడగతాను. పిలకాయలను మా బావి కాడికి తీసుకురాండి. పాలెమోళ్లు వచ్చినా సరే, ఎవురొచ్చినా సరే."

ఆ పొద్దు చీకటి పడేదాకా ఆమె చేద తోడుతూనే ఉంది. గురవమ్మ సబ్బు రుద్దింది. పదకొండిళ్ల మందు మూకుళ్లు గోతిలో పోసి కప్పెట్టారు. బావిలో మట్టి తేలింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు.

మళ్లీ బుధవారానికి డాక్టరు వచ్చాడు. గురవమ్మ సబ్‌సెంటర్‌లో కూర్చోబెట్టి, తలుపు దగ్గర నిలబడి, మొదటి నుంచీ చెప్పింది. తన నోటి మాటతో సహా. ఆయన పై వీధి కాగితాలు విడదీసి పక్కన పెట్టాడు.

"పై వీధి లెక్క మొత్తం తీసేయాల," అన్నాడు. "పోలిక చెడిపోయింది. మిగిలిన రెండు వీధులతో రాస్తాను."

"కుప్పమ్మను యాడ రాస్తారు సార్?"

"అది మన మందు కాదు కదమ్మా. పొలం మందు పొరపాటున వాడినారు. మన పనికీ దానికీ సంబంధం లేదు."

"సంబంధం లేకుండా ఎట్ల పోతాది సార్? మీరు చీటీలు వేయకపోతే రాఘవమ్మకు రోషం రాదు. నేను ఆ మాట అనకపోతే ఏకాంబరానికి తెలీదు. ఆ మందు మంచిది కాకపోతే ఎవురికీ ఆశ పుట్టదు. అన్నీ మన పనే."

"ఆ మాట నువ్వన్నట్టు రాస్తే నీ ఉద్యోగం పోతుంది గురవమ్మా. తెలుసా?"

"రాయండి."

ఆయన రాశాడు. ఆ వయసు మనిషికి అది చిన్న పని కాదు. కాగితం తిరుపతికి పోయింది, అక్కడి నుంచి ఇంకెక్కడికో పోయింది. విచారణకు ఎవరైనా వస్తారని గురవమ్మ నెల రోజులు ఎదురు చూసింది. వీధిలో జీపు చప్పుడైతే లేచి నిలబడేది. ఎవరూ రాలేదు. ఎవరూ అడగలేదు. అడిగి ఉంటేనే నయమనిపించింది ఆమెకు.

సంక్రాంతి దాటాక పై వీధిలో మళ్లీ నవ మొదలైంది. కంబళ్లు ఎవరూ ఉడకబెట్టలేదు. పురుగు వాటిలో తిరిగింది. గురవమ్మ గంధకం డబ్బాలు సంచిలో వేసుకుని ఇంటింటికీ తిరిగింది. ఈసారి గడపలో నిలబడి ఒక్కటొక్కటే చెప్పింది. ఇది ఏమిటి, ఎంత పూయాలి, ఎన్నాళ్లు, ఏది కలపకూడదు. మాట తడబడేది. చెప్పింది మళ్లీ చెప్పేది. రాఘవమ్మ రెండు చేతులూ ముందుకు చాపి, కళ్లు దించుకుని పూయించుకుంది.

చివరికి మునెమ్మ ఇంటికి వెళ్లింది. మునెమ్మ మోచేతుల దాకా గోళ్ల గీతలు. గడపలో కూర్చుని ఉంది. లేవలేదు.

"మునెమ్మా, మందు తెచ్చినాను."

"ఆ పొడి విషమని నీకు ముందే తెలుసునా నర్సమ్మా?"

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలే?"

గురవమ్మ సంచిలోంచి డబ్బా తీసింది. "రాఘవమ్మకు చెప్పినాను," అంది. "నీకు చెప్పాలని నాకు తోచలే."

మునెమ్మ వీధి వైపు ముఖం తిప్పుకుంది. "ఆడ పెట్టి పో," అంది.

గురవమ్మ డబ్బా గడప పక్కన పెట్టి వచ్చేసింది. మర్నాడు అటు పోతూ చూసింది. డబ్బా పెట్టిన చోటే ఉంది. మూడో నాడు లేదు. లోపలికి తీసుకుందో, విసిరి పారేసిందో ఆమె అడగలేదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం చిత్తూరు నుంచి మందులు తీసుకుని బస్సులో వస్తోంది. కాణిపాకం దగ్గర ఒక ముసలామె ఎక్కి పక్కన కూర్చుంది. చేతిలో దేవుడి కుంకుమ పొట్లం. పేరు తాయమ్మ అనీ, ఊరు తొట్టిగానిపల్లె అనీ, ఇంట్లో ముగ్గురు మనవలకు గజ్జి అనీ, అడక్కుండానే చెప్పింది. గురవమ్మ తెల్ల చీర చూసి గొంతు తగ్గించింది.

"ఏమ్మే, నువ్వు చింతమాకులపల్లె నర్సమ్మవేనా? మీ ఊళ్లో పై వీధి మందని ఒగటి ఉండాదంట కదా. రెండు దినాల్లో మానిపోతాదంట. గవర్మెంటు డాక్టరే వచ్చి, అన్నిట్లోకీ అదే మేలని రాసుకోని పోయినాడంట. నిజమేనా?"

గురవమ్మ ఆమె వైపు తిరిగింది.

"అది పూసి ఒగ ఆడబిడ్డ చచ్చిపోయింది అవ్వా. ఐదేళ్లది. నాకు తెలిసిన బిడ్డే. ఆ మాట మీకు చెప్పలేదా ఎవురూ?"

తాయమ్మ కుంకుమ పొట్లం ఒళ్లో పెట్టేసింది. "అట్లని ఎవురూ అన్లేదే. మాన్తాదనే అన్నారు. మా పెద్దోడు నిన్నటేళే కలిపినాడు. ఆరిళ్లోళ్లు తీసకపోయినారు..."

తొట్టిగానిపల్లె అడ్డరోడ్డు వస్తోంది. గురవమ్మ లేచి, సంచి భుజాన వేసుకుని, కండక్టరును ఆపమని కేకేసింది. ముసలామె చెయ్యి పట్టుకుని దించింది. ఎర్ర ఎండలో దుమ్ము లేపుకుంటూ బస్సు వెళ్లిపోయింది. ఊరు మైలు దూరంలో ఉంది. పొగలు లేవు, చప్పుడు లేదు.

"బిరబిరా నడువు అవ్వా," అంది గురవమ్మ. "మీ ఊళ్లో నీళ్లుండే బావి ఎవురిది?"

"ఈ ఏడు ఎవురి బావిలోనూ లేవు బిడ్డా," అంది తాయమ్మ, పరుగెత్తడానికి చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంటూ.